అమ్మ ఎముకల రిపోర్టు బాగానే ఉందన్నారు, మరి చెయ్యి ఎందుకు విరిగింది? కొల్లాజెన్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

బెజవాడబుజ్జి | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అమ్మకి 67. పోయిన నెల పెరట్లో బట్టలు ఆరేస్తూ తడి నాపరాళ్ల మీద జారింది. చెయ్యి ఆనించి పడటంతో మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కట్టు వేశారు, మానుతోంది. నన్ను తొలిచేస్తున్న సంగతి వేరే ఉంది. తర్వాత ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే తుంటి దగ్గర టీ స్కోరు, అంటే వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 1.3 వచ్చింది. "కొంచెం పలచబడింది, అంతే, గుల్లబారలేదు" అన్నారు. అమ్మ పదేళ్లుగా కాల్షియం మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. నిలబడ్డ చోట జారి పడితేనే విరిగిపోయే ఎముక బాగున్నట్టు ఎలా అవుతుంది?

అమ్మకి 18 ఏళ్లుగా షుగరు ఉంది. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8.4. మోకాళ్లు చూసి "గుజ్జు అరిగిపోయింది" అన్నారు. మెట్లు దిగుతుంటే కరకరమని నాకే వినిపిస్తుంది. మందుల షాపులో కొల్లాజెన్ పొడి డబ్బా చూపించి, ఎముకకీ గుజ్జుకీ రెండింటికీ ఇదే మందు అన్నాడు. నెలకి 1800 రూపాయలు. కొనాలంటే కొంటాను, అమ్మకి పనికొస్తుందో లేదో తెలిస్తే చాలు.

రిటైర్డ్‌మాస్టారు | సోమవారం, రాత్రి 10:05

అమ్మా బుజ్జీ, నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. ఏటా పిల్లల చేత చేయించిన ప్రయోగం ఒకటుంది, మీ అబ్బాయో అమ్మాయో ఉంటే చేయించు. కోడి కాలి బొమిక తీసుకుని, మాంసం అంతా గీకేసి, గాజు సీసాలో వేసి మునిగేదాకా వెనిగర్ పొయ్యాలి. రెండు రోజులకోసారి వెనిగర్ మార్చాలి. వారం పోయాక తీసి వంచితే రబ్బరులా వంగుతుంది. ఖనిజం కరిగి వెనిగర్లోకి పోయింది, చేతిలో మిగిలింది కొల్లాజెన్ అనే ప్రొటీను. ఇంకో బొమికని నిప్పుల్లో తెల్లబడేదాకా కాల్చు. ఆకారం అలాగే ఉంటుంది కానీ వేళ్ల మధ్య నలిపితే సుద్దముక్కలా పొడి అయిపోతుంది. అందులో కాల్షియం ఎక్కడికీ పోలేదు. కాలిపోయింది కొల్లాజెన్.

ఎముక బరువులో 60 నుంచి 65 శాతం ఖనిజం, 20 నుంచి 25 శాతం ప్రొటీను, మిగతాది నీరు. ఆ ప్రొటీనులో సుమారు 90 శాతం ఒకటో రకం కొల్లాజెన్. గట్టిదనం ఖనిజం ఇస్తుంది, దెబ్బ తగిలినప్పుడు కాస్త సాగి తట్టుకునే గుణం కొల్లాజెన్ ఇస్తుంది. డెక్సా కొలిచేది ఖనిజాన్ని. మీ అమ్మగారి కొల్లాజెన్ ఎలా ఉందో ఆ కాగితంలో లేదు.

తోళ్లకెమిస్ట్రీ | మంగళవారం, ఉదయం 6:48

మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను డాక్టర్ని కాను. 34 ఏళ్లు చెన్నైలో తోళ్ల పరిశ్రమలో కెమిస్టుగా చేశాను. పచ్చి తోలంటే నీళ్లు పోగా మిగిలేది చాలావరకు కొల్లాజెనే, కాబట్టి జీవితమంతా దాని మీదే గడిచింది.

ఈ అణువు అచ్చం మూడు పాయల జడలాంటిది. మూడు పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది మద్రాసు నుంచే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కంగారూ తోక స్నాయువులోని కొల్లాజెన్‌ని ఎక్స్-కిరణాలతో పరిశీలించి ఈ అల్లిక చెప్పారు. అక్కడి కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థని తర్వాత నడిపించిన యలవర్తి నాయుడమ్మ గారు మన తెనాలి వైపు యలవర్రు వారే. ఇది పక్కదారి అని తెలుసు, అయినా ఆయన పేరు తలవకుండా కొల్లాజెన్ గురించి మాట్లాడటం నా వల్ల కాదు.

అసలు విషయానికొస్తాను. జడలు పక్కపక్కన ఉంటే సరిపోదు, జడకీ జడకీ మధ్య ముడి పడాలి. ఆ ముడులు శరీరమే వేస్తుంది, లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో, వెయ్యాల్సిన చోటే వేస్తుంది. వయసుతో ఈ ముడులు ముదురుతాయి. లేత మేక మాంసం రెండు విజిళ్లకి మెత్తబడుతుంది, ముదురు మేకది ఎనిమిదొచ్చినా పీచులాగే ఉంటుంది. అంతవరకు ప్రకృతి సహజం.

ఇవి కాక ఇంకో రకం ముడులున్నాయి. రక్తంలోని చక్కెర తనంతట తాను కొల్లాజెన్‌కి అంటుకుని, ఏళ్ల మీద మారుతూ, దొరికిన చోటల్లా ముడి పడుతుంది. ఎంజైము లేదు, అదుపు లేదు. దోశ పెనం మీద ఎర్రబడుతుంది చూడండి, అదే జాతి చర్య. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. పెనం మీద నిమిషాల్లో అయ్యేది ఒంట్లో 37 డిగ్రీల దగ్గర దశాబ్దాలు పడుతుంది. చిన్నపిల్లల కీళ్ల మృదులాస్థి (మనం గుజ్జు అనేది) నీలిఛాయ తెలుపులో ఉంటుంది, ముసలివాళ్లది పసుపుగోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు చాలావరకు ఈ చర్యదే.

తంగేడు చెక్కతో లందల్లో తోలు పదును చేసేవాళ్లు కదా, అదీ కొల్లాజెన్ పోగుల్ని కట్టిపడెయ్యటమే. చెప్పుకి ఆ బిగువు కావాలి. తోలు కుళ్లదు, వేడికి త్వరగా ముడుచుకోదు. పచ్చి తోలు నీళ్లలో 60, 65 డిగ్రీలకే ముడుచుకుపోతుంది, క్రోమియంతో పదును చేసినది 100 డిగ్రీలు కూడా తట్టుకుంటుంది. కానీ నడిచే మనిషి ఎముకలో ఆ బిగువు పనికిరాదు. పోగుకీ పోగుకీ మధ్య ఉండాల్సిన చిన్న జారుడు పోతుంది. దెబ్బ తగిలితే సాగాల్సింది పోయి చీలుతుంది.

ఎముకలవార్డు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

నేను ఆర్థోపెడిక్స్ డాక్టర్ని. పైన ఇద్దరు పెద్దలూ చెప్పింది బాగుంది. అయితే తప్పంతా కొల్లాజెన్ మీదే వేస్తే బుజ్జిగారికి నష్టం, అందుకే రాస్తున్నా.

రెండో రకం షుగరు ఉన్నవాళ్లలో మేం తరచూ చూసే చిత్రం ఇది. స్కాన్‌లో సాంద్రత మామూలుగా, ఒక్కోసారి ఎక్కువగా కూడా ఉంటుంది, అయినా ఎముకలు విరుగుతాయి. అదే టీ స్కోరున్న షుగరు లేనివాళ్ల కంటే వీళ్లకి ప్రమాదం ఎక్కువ. చక్కెర ముడులు ఒక కారణం. దానితో పాటు పాత ఎముకని తవ్వి కొత్తది పోసే పని కూడా షుగరులో నెమ్మదిస్తుంది, దాంతో పాత కొల్లాజెన్ ఎక్కువ కాలం ఉండిపోయి ఇంకా ముడులు పోగేసుకుంటుంది. ఇవి ఎముక లోపలి సంగతులు. అరికాళ్ల తిమ్మిరి, చూపు మసక, షుగరు పడిపోయి కళ్లు తిరగటం, వీటి వల్ల అసలు పడటమే ఎక్కువవుతుంది. అమ్మగారు ఎందుకు జారారో కూడా అడగండి. నేల తడిగా ఉండటమేనా, కాలికి తెలియలేదా?

షుగరు లేకపోయినా వయసు ఒక్కటే చాలు. ఒకే సాంద్రత ఉన్న 50 ఏళ్ల మనిషినీ 80 ఏళ్ల మనిషినీ పక్కన పెడితే 80 ఏళ్లవారికి విరిగే అవకాశం బాగా ఎక్కువ. 1980లలోనే తేలిన విషయం ఇది.

మీరు చెయ్యాల్సినవి చెప్తాను. అమ్మగారి షుగరు చీటీలో పయోగ్లిటజోన్ అనే పేరుందేమో చూడండి. ఆడవాళ్లలో ఎముక విరిగే ప్రమాదం పెంచుతుందని తెలిసిన మందు అది. చాలాసార్లు రెండు మూడు మందులు కలిపిన బిళ్లలో ఉంటుంది, అందుకే పైపేరు చూస్తే తెలియదు, వెనక సన్నక్షరాలు చదవాలి. ఉంటే మీరుగా ఆపొద్దు, షుగరు డాక్టరుకి చూపించి ఎముక విరిగిన సంగతి చెప్పండి. రెండోది, ఎముక విరిగే ప్రమాదం లెక్కగట్టే ఫ్రాక్స్ అనే లెక్క ఉంది. అందులో రెండో రకం షుగరుకి గడి లేదు, అందుకని ప్రమాదం తక్కువగా చూపిస్తుంది. షుగరు ఉన్నప్పుడు కొందరు డాక్టర్లు కీళ్లవాతం గడిలో టిక్కు పెట్టి లెక్క సరిచేస్తారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే విరిగింది కాబట్టి, మైనస్ 1.3 అని ఊరుకోకుండా ఎముక మందులు అవసరమా అని నేరుగా అడగండి. విటమిన్ డి కూడా చూపించండి.

నల్గొండబిడ్డ | మంగళవారం, రాత్రి 8:17

డాక్టర్ సాబ్ చెప్పింది మా దిక్కు కండ్లార చూసినం. మా తాతది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. ఎక్స్‌రేల బొక్కలు తెల్లగ, దిట్టంగ కనబడేటియి. చూసినోళ్లు ఎంత గట్టి బొక్కలో అనుకుంటరు. ఆయన మెడ తిప్పలేకపోయేది, ముసలితనంల మంచం మీదికెళ్లి జారితె తొడ బొక్క ఇరిగింది. ఫ్లోరైడు ఎక్కువైన బొక్క దిట్టంగనే అయితది గని బలం ఉండదు. 1937లనే నెల్లూరు జిల్లాల ఈ జబ్బును డాక్టర్లు రాసిపెట్టిన్రు, అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. మా ఊర్లల్ల మంచినీళ్లు వచ్చెటాలకు ఇంకెన్ని తరాలు పట్టిందో అందరికి ఎరుకే. బుజ్జక్కా, సాంద్రత అంకె చూసి మురవకు, బెంగ కూడ పెట్టుకోకు. అది ఒక్క అంకె, అంతే.

బెజవాడబుజ్జి | మంగళవారం, రాత్రి 10:40

డాక్టర్ గారూ, ఇప్పుడే అమ్మ మందుల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. పొద్దున వేసుకునే బిళ్ల వెనక మూడు పేర్లున్నాయి. మూడోది పయోగ్లిటజోన్ 15. నాలుగేళ్లుగా వేసుకుంటోంది. ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు నేను. రేపే ఫోన్ చేస్తాను.

అమ్మని అడిగితే, ఆరు నెలలుగా చెప్పు జారిపోయినా తెలియడం లేదట. నీకెందుకు చెప్పడం, హైదరాబాద్ నుంచి పరిగెత్తుకొస్తావని ఊరుకున్నా అంది.

మరి మోకాళ్ల సంగతి? గుజ్జు కూడా కొల్లాజెనే కదా, ఎముకలా మళ్లీ పుట్టదా?

కార్బన్14 | బుధవారం, ఉదయం 7:20

అక్కా, నేను కణజాలాలకి ప్రత్యామ్నాయ పదార్థాలు తయారుచేసే ల్యాబులో పరిశోధన చేస్తున్నాను. మోకాలి ప్రశ్న నాకు వదిలెయ్యండి.

ముందు "గుజ్జు" అనే మాట పక్కన పెడదాం. ఆ మాట విని అందరూ జారే ద్రవం ఏదో ఇంకిపోయింది, మళ్లీ పోస్తే సరి అనుకుంటారు. కోడి కాలు చివర నున్నగా, తెల్లగా టోపీ ఉంటుంది కదా, వేలితో రుద్దితే జర్రున జారుతుంది. అరిగేది అది, మృదులాస్థి. మనిషి మోకాల్లో చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందుకే మొదట్లో అరిగినా నొప్పి తెలియదు.

దాని లోపలి కట్టడం బూరుగు దూది పరుపు లాంటిది. అగ్రికాన్ అనే అణువులు నీటిని పీల్చుకుని ఉబ్బాలని చూస్తాయి, అవి దూది. రెండో రకం కొల్లాజెన్ వల వాటిని ఉబ్బిపోకుండా బిగించి పట్టుకుంటుంది, అది పరుపు గుడ్డ. ఆ బిగువు వల్లే మన బరువు మొయ్యగలుగుతుంది. గుడ్డ చిరిగితే దూది బయటికొస్తుంది. కీలు అరుగుదల తొలిదశలో మృదులాస్థిలో నీటిశాతం పెరుగుతుందని చెబితే ఎవరూ నమ్మరు, కానీ నిజం. వల సడలి దూది ఉబ్బుతుంది, తర్వాత పోగులు లేచి ఊడొస్తుంది.

మళ్లీ పుడుతుందా అన్నారు. ఎముకలో ఏటా సుమారు పదో వంతు తవ్వి కొత్తది పోసుకుంటుంది శరీరం. మృదులాస్థిలో ఆ వసతి లేదు. 1950లలోనూ 60ల మొదట్లోనూ అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్ 14 (రేడియోధార్మిక కార్బన్) పెరిగి, 1963 పరీక్షల నిషేధ ఒప్పందం తర్వాత తగ్గుతూ వచ్చింది. అప్పటి గాలి, అప్పటి తిండి మనుషుల ఒంట్లో తేదీ ముద్ర వేసినట్టయింది. డెన్మార్క్ పరిశోధకులు మోకాలి మృదులాస్థిలో ఆ ముద్ర చదివి 2016లో ప్రచురించారు. కొల్లాజెన్‌లో కనిపించినది ఆ మనిషి ఎదిగే వయసులో ఉన్న గాలి తాలూకు కార్బన్. పెద్దయ్యాక కొత్తది దాదాపు చేరలేదు. అరిగిన మోకాళ్లలో కూడా అంతే. అంతకుముందు 2000లో డచ్చివాళ్లు వేరే పద్ధతిలో లెక్కగడితే మృదులాస్థి కొల్లాజెన్ సగం మారడానికి 117 ఏళ్లు వచ్చింది, చర్మంలోది 15 ఏళ్లు.

అంటే మీ అమ్మగారి మోకాల్లో ఉన్న వల ఆవిడ పరికిణీ కట్టుకునే రోజుల్లో అల్లినదే. ఒంట్లో చక్కెర ముడులు పోగుపడటానికి అది చాలా అనువైన చోటు, ఎందుకంటే ఆ వల దాదాపు మారదు. హెచ్‌బీఏ1సీ కూడా చక్కెర అంటుకోవటాన్నే కొలుస్తుంది. కాకపోతే ఎర్రకణం నాలుగు నెలల్లో పోతుంది, దాంతో పాటు అంటుకున్న చక్కెరా పోతుంది. మృదులాస్థికి ఆ అదృష్టం లేదు. నేను చదివినవాటిలో నన్ను అన్నిటికంటే కలచివేసిన విషయం ఇదే.

ఒక ఊరట. దూది మాత్రం మారుతుంది. అగ్రికాన్ లాంటివి కణాలు మెల్లగా కొత్తగా తయారుచేస్తూనే ఉంటాయి.

డల్లాస్‌బాబాయ్ | బుధవారం, సాయంత్రం 6:02

నేను ఎనిమిది నెలలుగా కొల్లాజెన్ పొడి రోజుకి 10 గ్రాములు పాలలో కలుపుకుని తాగుతున్నాను. మోకాలి నొప్పి నిజంగా తగ్గింది. నా అనుభవం చెప్తున్నా, ఎవరినీ కొనమనడం లేదు. మా ఆవిడ శాకాహారి, తనకి "మొక్కల కొల్లాజెన్" అని అమ్ముతున్నది కొన్నాం. అది ఎలాంటిది?

తోళ్లకెమిస్ట్రీ | బుధవారం, రాత్రి 7:35

బాబాయ్ గారూ, మొక్కలు కొల్లాజెన్ తయారుచెయ్యవు. ఆ పేరుతో వచ్చేవి అమినో ఆమ్లాలు, విటమిన్ సి లాంటివి. డబ్బా మీద పదార్థాల పట్టీ చూడండి.

జంతువులది కూడా తోళ్లు, ఎముకలు, చేప పొలుసుల నుంచి తీసి, ఎంజైములతో ముక్కలుగా కత్తిరించి పొడి చేసినదే. ఆ మూడు పాయల జడ అప్పటికే విప్పేసి ముక్కలు చేశారు. కాళ్ల పులుసు చల్లారితే గడ్డకట్టేది కూడా అదే కొల్లాజెన్, జడ విడిపోయి జిలాటిన్ అయింది. కడుపులోకి వెళ్లాక అమినో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా రక్తంలో కలుస్తుంది. నేరుగా మోకాల్లోకి వెళ్లి వలకి అతుకు వెయ్యదు.

ఎముకలవార్డు | బుధవారం, రాత్రి 9:50

కొన్ని చిన్న పరీక్షల్లో మోకాలి నొప్పి కొంత తగ్గిందని వచ్చింది, బాబాయ్ గారి అనుభవాన్ని నేను కొట్టెయ్యను. వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మే కంపెనీలే. అరిగిన మృదులాస్థి మళ్లీ మొలిచిందని నిరూపణ లేదు. బుజ్జిగారూ, నన్నడిగితే ఆ 1800తో అమ్మగారికి గుడ్డు, పప్పు, పాలు సరిగ్గా అందేలా చూడండి, మిగిలినది ఫిజియోకి పెట్టండి. కొల్లాజెన్ అల్లడానికి విటమిన్ సి తప్పనిసరి, లేకపోతే చిగుళ్లు కారే స్కర్వీ వస్తుంది. కానీ దానికి ఒక జామకాయ చాలు, గుప్పెడు మాత్రలు మింగినా అంతకంటే బాగా అల్లుకోదు. జామకాయ కూడా షుగరు లెక్కలో వేసుకోండి.

చక్కెర ముడుల్ని తెంచే మందు మీద కూడా చాలా ఆశలు పెట్టుకున్నారు. జంతువుల్లో బాగా కనిపించిన అలగీబ్రియం అనే మందు మనుషుల్లో చికిత్సగా నిలబడలేదు. కాబట్టి ఇప్పటికి ముడి పడకుండా చూసుకోవటమే మన చేతిలో ఉంది, అంటే షుగరు అదుపు, పొగ మానటం.

ఫిజియో_హనుమకొండ | గురువారం, ఉదయం 5:55

ఇంతమంది మాట్లాడిన్రు గని నడక గురించి ఎవరూ చెప్పలేదు. మృదులాస్థికి రక్తం రాదు అన్నరు కదా, మరి అన్నం ఎట్ల దొరుకుతది? అడుగు వేసినప్పుడు పిండినట్టయి నీళ్లు బయటికి పోతయ్, కాలెత్తినప్పుడు మళ్లీ పీల్చుకుంటది. ఆ రాకపోకల్లనే పోషకం లోపలికి పోతది. అరిగిందని మంచం మీద కూసోబెడితే ఆ రాకపోక కూడా బంద్ అయితది. బొక్కకైనా అంతే, బరువు పడితేనే కొత్తది పోసుకుంటది.

అమ్మతోని ఇట్ల చేయించండి. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, తొడ బిగించి, మోకాలితోని టవల్‌ను కిందికి అదమాలె. అయిదు అంకెలు లెక్కబెట్టి వదలాలె. పది సార్లు, పొద్దున ఒకపారి, సాయంత్రం ఒకపారి. అది సులువైనంక, కుర్చీల నుంచి చేతులు ఆనించకుండ లేచి కూసోవాలె. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు, పక్కన మనిషి ఉండాలె. అరికాలు తిమ్మిరి అన్నరు కాబట్టి వెనకకు పట్టీ ఉన్న చెప్పులు వేయించండి, ఒట్టికాళ్లతోని తిరగనియ్యకండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బరువు ఎక్కువుంటే ఒక్క కిలో తగ్గినా మోకాలి మీద అడుగడుగుకు నాలుగు కిలోల భారం దిగుతది.

బెజవాడబుజ్జి | పది రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 11:25

అందరికీ చెప్పాల్సినవి ఉన్నాయి. షుగరు డాక్టరు ఆ బిళ్ల మార్చారు. ఎముక విరిగిందని తెలియగానే ఎముకల డాక్టరుతో ఆయనే మాట్లాడి, రక్తపరీక్షలు రాశారు. విటమిన్ డి 14 వచ్చింది, అంటే తక్కువే. ఎముక మందు సంగతి పరీక్షలన్నీ చూశాక వచ్చే గురువారం చెప్తామన్నారు. పొడి డబ్బా కొనలేదు. అమ్మ టవల్ చుట్ట పొద్దునా సాయంత్రం నొక్కుతోంది, అంకెలు మా వాడు లెక్కపెడుతున్నాడు, అయిదుకి బదులు ఎనిమిదిదాకా సాగదీస్తున్నాడని వాడి మీద అరుస్తోంది. పెరట్లో నాపరాళ్ల మీద గరుకు పట్టీలు అతికించాను.

మాస్టారూ, బొమిక ప్రయోగం మా వాడే చేశాడు. తొమ్మిది రోజులు పట్టింది. నిన్న తీసి వంచితే వంగింది, వాడు దాన్ని ముడి వెయ్యబోయాడు కూడా. అమ్మ చేతిలోకి తీసుకుని చాలాసేపు వంచి చూసింది. రాత్రి కిటికీలో పెట్టి మర్చిపోయాడు, పొద్దున చూస్తే మళ్లీ కర్రలా బిగిసింది. ఖనిజం లేదు కదా, మళ్లీ ఎందుకు గట్టిపడింది అని అడుగుతున్నాడు.

తోళ్లకెమిస్ట్రీ | ఆదివారం, మధ్యాహ్నం 12:40

మనవడు అసలైన ప్రశ్న అడిగాడమ్మా. పచ్చి తోలు ఎండలో పెడితే రేకులా బిగిసినట్టే. కొల్లాజెన్ పోగుల మధ్య నీరుంటుంది, అది పోతే పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. గిన్నెలో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టమను, మళ్లీ వంగుతుంది. వయసుతో ఎముకలో నీటిశాతం తగ్గుతుంది, అది కూడా పెళుసుదనంలో ఒక భాగమే.

వంగాక దాన్ని రెండుగా కోయమను, నువ్వు దగ్గరుండి కోయించు. ఒక ముక్క మామూలు నీళ్లలో, రెండోది చిక్కటి టీ డికాక్షన్‌లో, పాలూ చక్కెరా లేకుండా. డికాక్షన్ రోజూ మార్చాలి. టీలో ఉండేవి తంగేడు చెక్కలో ఉండేలాంటి టానిన్లే. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి వంచి, ఏది ఎలా ఉందో వాడినే రాయమను.

బెజవాడబుజ్జి | ఆదివారం, మధ్యాహ్నం 1:15

డికాక్షన్ అమ్మే పెడుతోందండీ. పెద్ద గ్లాసుతో.